పెరట్లో షెడ్డు, ఇంట్లో అక్వేరియం: మధ్యనున్న పైపే అసలు సంగతి

పెద్ద అక్వేరియంలో చూడముచ్చటగా ఉండేది గాజుతొట్టి ఒక్కటే. దాన్ని బతికించే సరంజామా మాత్రం గదినంతా ఆక్రమిస్తుంది. సంప్ (ట్యాంకు నీళ్లు దిగి శుభ్రమయ్యే రెండో తొట్టి), ఆ నీటిని తిరిగి ట్యాంకుకి పంపే రిటర్న్ పంపు, గాలి బుడగలతో మురికి తీసే స్కిమ్మర్, నీటిని చల్లబరిచే చిల్లర్, ఎయిర్ పంపులు, ఆర్‌ఓ యూనిట్, ఉప్పునీళ్లు కలిపే డ్రమ్ము... వీటి రొద, వేడి, చెమ్మ అన్నీ మనిషి కూర్చునే చోటే. అందుకే వీటిని పెరట్లోని షెడ్డులోకి తరలిద్దామన్న ఆలోచన వస్తుంది. ఆలోచన మంచిదే. అయితే చాలామంది షెడ్డు ఎంత పెద్దది, అరలు ఎన్ని అన్న లెక్కలతో మొదలుపెడతారు. తేడా తెచ్చేది షెడ్డు కాదు, దూరం. సంప్ ట్యాంకు కిందనుంచి పది మీటర్ల అవతలికి వెళ్లగానే పంపు మీద భారం, నీటి ఉష్ణోగ్రత, కరెంటు పోయినప్పుడు వెనక్కి వచ్చే నీళ్లు మూడూ మారిపోతాయి. అన్నీ నడుస్తున్నంతసేపూ ఎలా కట్టిన షెడ్డైనా బాగానే కనిపిస్తుంది. ఆగిన గంటలో ఏమవుతుందో ముందే లెక్కవేసి కట్టినదే నిలుస్తుంది.

లెక్కలు చెప్పుకోవడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ట్యాంకు పొడవు 150 సెం.మీ., వెడల్పు 60, ఎత్తు 60. స్టాండు మీద ఉంది కాబట్టి నీటిమట్టం ఇంటి నేలకు 130 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. షెడ్డు 10 మీటర్ల దూరంలో, అదే నేలమట్టంలో ఉంది. గంటకు 3,000 లీటర్ల నీళ్లు తిరగాలి. సంప్‌తో కలిపి మొత్తం నీళ్లు సుమారు 650 లీటర్లు.

ఏది బయటికి, ఏది లోపలే

అన్నిటినీ బయటికి పంపాలన్న పట్టుదల అక్కర్లేదు. షెడ్డుకు వెళ్లాల్సినవాటిలో మొదటివి శబ్దం, వేడి ఎక్కువ చేసేవి: చిల్లర్, ఎయిర్ పంపులు, ఉప్పునీళ్లు కలిపే డ్రమ్ము, ఆర్‌ఓ యూనిట్. సంప్ రెండో వరసలో వస్తుంది. ట్యాంకు కింద చోటుండి, శబ్దం ఒక్కటే ఇబ్బంది అయితే సంప్‌ని ఇంట్లోనే ఉంచి మిగతావి బయటపెట్టడం చాలా ఇళ్లకు మెరుగైన పద్ధతి. అప్పుడు ప్రధాన ప్రవాహం ఇంట్లోనే తిరుగుతుంది. షెడ్డు ఆగిపోయినా చేపలకు వెంటనే వచ్చే ముప్పేమీ లేదు.

మూతబిగించిన క్యానిస్టర్ ఫిల్టర్లను మాత్రం షెడ్డులో పెట్టకూడదు. వాటి పంపులు పొట్టి గొట్టాల కోసం చేసినవి, దూరం పెరిగితే ప్రవాహం సగానికి పైగా పడిపోతుంది. పైగా ప్రవాహం ఆగితే మూసి ఉన్న డబ్బాలో ఉన్న ఆక్సిజన్‌ని బ్యాక్టీరియా త్వరగా వాడేస్తుంది. కొన్ని గంటల తరువాత మళ్లీ ఆన్ చేస్తే ఆ చెడిన నీళ్లు నేరుగా ట్యాంకులోకి వస్తాయి. తెరిచి ఉన్న సంప్‌లో పైనుంచి గాలి తగులుతుంది కాబట్టి ఈ ప్రమాదం తక్కువ.

సంప్ ఎక్కడున్నా ట్యాంకులో ఎప్పుడూ ఉండాల్సినవి రెండు. ఒకటి, నీటిని ట్యాంకులోనే తిప్పే చిన్న పంపు. రెండు, ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్. ప్రోబ్‌ని సంప్‌లో పెడితే రిటర్న్ పంపు ఆగినప్పుడు అది షెడ్డు ఉష్ణోగ్రతనే చూపిస్తుంది. చేపలున్న నీళ్ల సంగతి ఎవరికీ తెలియదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ప్రోబ్ ట్యాంకులో, హీటర్ సంప్‌లో ఉండి ప్రవాహం ఆగితే, ట్యాంకు చల్లబడుతోందని కంట్రోలర్ హీటర్‌ని ఆపకుండా నడిపిస్తుంది, సంప్ ఉడికిపోతుంది. కాబట్టి సంప్‌లో రెండో ప్రోబ్ పెట్టి, అక్కడ హద్దు దాటితే హీటర్ ఆగేలా సెట్ చేయాలి.

వాటం దొరుకుతుందా?

ట్యాంకు నుంచి సంప్‌కి నీళ్లు వాటి బరువుతోనే రావాలి. అక్కడ రెండో పంపు పెట్టి లాగే ఏర్పాటు ఎప్పుడూ చేయకూడదు. రెండు పంపులు ఎన్నటికీ ఒకే వేగంతో నడవవు, ఏదో ఒకవైపు పొంగక తప్పదు.

మన ఉదాహరణలో సంప్‌ని 15 సెం.మీ. దిమ్మె మీద పెట్టాం, సంప్ ఎత్తు 45 సెం.మీ. అంటే దాని అంచు నేలకు 60 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. పైపు ఆ అంచు మీదుగా దిగాలంటే 65 దగ్గర రావాలి. మీటరుకు ఒకటిన్నర సెం.మీ. వాటం ఇస్తే పది మీటర్లకు 15 సెం.మీ. కాబట్టి పైపు ఇంటి గోడని 80 సెం.మీ. ఎత్తులో దాటాలి. ట్యాంకు నీటిమట్టం 130 కాబట్టి వాటం సరిపోతుంది. చిక్కు ఎక్కడంటే, పెరటి మధ్యలో మనిషి నడుమెత్తున పైపు అడ్డంగా వెళ్తుంది. నడవడానికి అడ్డమని చాలామంది దాన్ని నేలలో పాతిపెట్టి, షెడ్డు దగ్గర మళ్లీ పైకి లేపుతారు.

అలా పాతినా నీళ్లు పారతాయి, చివర మొదటికన్నా పల్లంలో ఉంటే చాలు. కానీ ఆ వంపులో మూడు ఇబ్బందులున్నాయి. నీళ్లు దిగేచోట చిక్కిన గాలి బుడగ ప్రవాహాన్ని ఆపుతుంది, కాబట్టి ఇంటివైపు పై కొసన గాలి పోయే గొట్టం కావాలి. అడుగున మడ్డి పేరుకుంటుంది, కాబట్టి ప్రవాహ వేగం సెకనుకు అర మీటరుకు పైగా ఉండాలి, శుభ్రం చేయడానికి మూతబిరడా కూడా ఉండాలి. అన్నిటికన్నా పెద్దది మూడోది. ప్రవాహం ఆగితే వంపులో నీళ్లు అలాగే నిలిచిపోతాయి. రాత్రంతా నిలిస్తే ఆక్సిజన్ అయిపోయి, మడ్డి కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టే అవకాశం ఉంది. తిరిగి ఆన్ చేయగానే అది మొత్తం సంప్‌లోకి, అక్కడినుంచి ట్యాంకులోకి చేరుతుంది. పాతక తప్పకపోతే పల్లంలో ఒక డ్రెయిన్ వాల్వు పెట్టి, చాలాసేపు ఆగిన ప్రతిసారీ ఆ నీళ్లు బయటికి వదిలాకే పంపు వేయాలి.

వీలుంటే ట్యాంకు ఏ గోడకి ఆనుకుని ఉందో ఆ గోడకే బయటివైపు షెడ్డు కట్టండి. పైపు మీటరులోపే సరిపోతుంది, ఈ వ్యాసంలో సగం సమస్యలు పుట్టనే పుట్టవు. చోటు ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నవాళ్లు ఖర్చుపెట్టాల్సింది ముందు దీనిమీదే.

సన్న పైపు చేసే నష్టం

పంపు పెట్టె మీద రాసిన లీటర్లు ఎత్తు, దూరం ఏమీ లేనప్పటివి. పంపుకి ఎదురయ్యేవి రెండు: నీటిని ఎత్తాల్సిన ఎత్తు, పైపులో రాపిడి. మన ఉదాహరణలో సంప్ నీటిమట్టం నేలకు 40 సెం.మీ. అనుకుంటే ఎత్తు 90 సెం.మీ. మాత్రమే. రాపిడి మాత్రం పైపు లోపలి వ్యాసాన్ని బట్టి విపరీతంగా మారుతుంది. గంటకు 3,000 లీటర్లు 25 మి.మీ. పైపులో వెళ్తే పది మీటర్లకు సుమారు 1.25 మీటర్ల ఎత్తుకు సమానమైన ఒత్తిడి పోతుంది. 32 మి.మీ. అయితే 38 సెం.మీ. 40 మి.మీ. అయితే 13 సెం.మీ. మాత్రమే. ప్రతి ఎల్బో (పైపు మలుపు ముక్క) దాని వ్యాసానికి ముప్పై రెట్ల పొడవున్న నిటారు పైపుతో సమానం. ఆరు ఎల్బోలు కలుపుకుంటే 25 మి.మీ. పైపుతో మొత్తం భారం 2.7 మీటర్లు, 40 మి.మీ. పైపుతో 1.1 మీటర్లు. గరిష్ఠ ఎత్తు 3 మీటర్లు అని రాసి ఉన్న పంపు మొదటి దాంట్లో గంటకు 3,000 లీటర్లు అందించలేకపోవచ్చు. రెండో దాంట్లో హాయిగా నడుస్తుంది. రోజూ 24 గంటలు తిరిగే పంపుకి ఇది నెలనెలా కరెంటు బిల్లులో కనిపించే తేడా. కొనేటప్పుడు పైపు మీద రాసినది బయటి వ్యాసమా లోపలిదా అన్నది చూసుకోవాలి, లెక్కంతా లోపలి వ్యాసంతోనే.

కిందికి వచ్చే పైపులు రెండు ఉండాలి. మొదటిది 40 మి.మీ.ది, ఎప్పుడూ నిండుగా పారే సైఫన్. దాన్ని గేట్ వాల్వుతో సరిచేస్తారు. ఆ వాల్వుని షెడ్డు వైపు కొసన, సంప్ పక్కన పెట్టాలి. అప్పుడు పైపు మొత్తం నిండి ఉంటుంది, గడగడ శబ్దం రాదు. బాల్ వాల్వుతో సన్నటి సర్దుబాటు కుదరదు. సైఫన్ పైపు కొస సంప్ నీటిలో రెండుమూడు సెం.మీ. మాత్రమే మునగాలి. లోతుగా ముంచితే మొదలయ్యేటప్పుడు పైపులోని గాలి బయటికి రాలేక సైఫన్ అందుకోదు. రెండోది 50 మి.మీ.ది, ఆపదకు. మామూలుగా ఖాళీగా ఉండాలి, వాల్వు ఏదీ ఉండకూడదు. మొదటిది మూసుకుపోతే మొత్తం ప్రవాహాన్ని అదొక్కటే మోయాలి.

అతికించేటప్పుడు పైపుని నిటారుగా కోసి, అంచుల నూగు తీసి, ప్రైమర్ పూసి, సిమెంట్ రాసి, పావు మలుపు తిప్పి అర నిమిషం గట్టిగా పట్టుకోవాలి. నీళ్లు వదలడం మరునాడే. గోడకి రెండువైపులా యూనియన్లు (విప్పి మళ్లీ బిగించగల జాయింట్లు) పెట్టండి, లేకపోతే ఒక్క కీలు కారినా పైపు కోయాల్సి వస్తుంది. ట్యాంకు రంధ్రంలో బిగించే బల్క్‌హెడ్‌కి రబ్బరు వాషర్ అంచు ఉన్నవైపు వేయాలి, నట్టు వైపు కాదు. చేత్తో బిగించాక పావు లేదా అర మలుపు చాలు.

కరెంటు పోయిన క్షణం

పంపు ఆగగానే ట్యాంకులో రిటర్న్ గొట్టం మూతి ఎంత లోతులో ఉందో అంతవరకు నీళ్లు వెనక్కి వస్తాయి. మన ట్యాంకులో ఒక్క సెం.మీ. మట్టం అంటే 9 లీటర్లు. మూతి 5 సెం.మీ. లోతులో ఉంటే 45 లీటర్లు. ట్యాంకు నీళ్లు పొర్లి పైపులోకి దిగే ఓవర్‌ఫ్లో గదిలోని నీళ్లు మరో 12 దాకా. పదేసి మీటర్ల 40 మి.మీ. పైపులు రెండూ (సైఫన్, రిటర్న్) ఖాళీ అయితే ఒక్కోదానికి 12.5 లీటర్ల చొప్పున 25. మొత్తం 80 లీటర్లకు పైనే. ఇందులో పైపుల వాటా ఇంట్లోని సంప్‌కి ఉండదు, అందుకే ఇంట్లో ఎన్నాళ్లో పొంగని సంప్ షెడ్డుకు మారగానే పొంగుతుంది.

వెడల్పు 50, పొడవు 100 సెం.మీ. ఉన్న సంప్‌లో 80 లీటర్లంటే 16 సెం.మీ. ఎత్తు. కాబట్టి 45 సెం.మీ. సంప్‌లో నడుస్తున్నప్పటి మట్టం 25 దాటకూడదు. మూతిని నీటిపైభాగానికి రెండు సెం.మీ. లోతుకి తెస్తే 27 లీటర్లు తగ్గుతాయి, ఇది పైసా ఖర్చులేని మేలు. వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వుని నమ్ముకోవద్దు. ఒక నత్తగుల్ల, ఒక ఇసుక రేణువు అడ్డం పడితే అది మూసుకోదు. సైఫన్ తెంపడానికి మూతి పక్కన పొడిచే చిన్న రంధ్రమూ నాచుతో పూడిపోతుంది. రెండూ పెట్టుకోవచ్చు, సంప్‌లో ఖాళీ చోటుకి బదులుగా మాత్రం కాదు.

తలకిందుల ప్రమాదం కూడా చూడాలి. కిందికి వచ్చే రెండు పైపులూ మూసుకుపోయి పంపు నడుస్తూనే ఉంటే, పంపు గదిలోని నీళ్లన్నీ ఇంట్లోని ట్యాంకుకి చేరతాయి. ట్యాంకు అంచు నీటికన్నా 5 సెం.మీ. ఎత్తులో ఉంటే 45 లీటర్లు పడతాయి. కాబట్టి సంప్‌లో పంపు ఉన్న గదిని అడ్డుపలకతో వేరుచేసి, అందులో తోడగలిగే నీళ్లు 40 లీటర్లు మించకుండా చూడాలి. అప్పుడు పంపు ఎండిపోయి ఆగుతుందేగానీ ఇంట్లోకి వరద రాదు.

ఆవిరైన నీటిని నింపే ఆటోమేటిక్ ఏర్పాటుకీ ఇదే సూత్రం. ఫ్లోట్ ఇరుక్కుపోతే డబ్బాలోని మంచినీళ్లన్నీ సంప్‌లోకి పోతాయి. 650 లీటర్ల ఉప్పునీటికి 65 లీటర్లు కలిస్తే లవణీయత వెయ్యికి 35 భాగాల నుంచి 32కి పడిపోతుంది. డబ్బా మొత్తం నీటిలో ఐదు శాతం మించకపోతే మంచిది. నింపే గొట్టం మూతి నీటికి పైన గాలిలో ఉండాలి. నీటిలో మునిగి, డబ్బా ఎత్తులో ఉంటే పంపు ఆగినా సైఫన్ ఆగదు.

ఇక చేపల సంగతి. 25 డిగ్రీల దగ్గర గాలితో బాగా కలిసిన మంచినీటిలో లీటరుకు సుమారు 8 మి.గ్రా. ఆక్సిజన్ ఉంటుంది, సముద్రపు నీటిలో 7 కన్నా తక్కువ. నీరు కదలకపోతే అది గంటల్లోనే తరుగుతుంది. అందుకే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఉండాల్సింది ఇంట్లో, ట్యాంకు పక్కన. ఉన్న ఒక్క ఇన్వర్టర్‌నీ షెడ్డులోని పెద్ద పంపుకి కట్టడం కన్నా ట్యాంకులోని చిన్న పంపుకి కడితే బ్యాటరీ ఎన్నోరెట్లు ఎక్కువసేపు వస్తుంది.

వేడి పోయే దారులు

చలి రోజుల్లో వేడి ఎక్కువగా పైపుల నుంచి, సంప్ మీది ఆవిరి నుంచి పోతుంది. లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల వేడి తీసుకుపోతుంది. రోజుకు 5 లీటర్లు తగ్గుతున్నాయంటే 140 వాట్ల హీటర్ రాత్రింబవళ్లు ఆగకుండా నడిచినంత. సంప్‌కి మూత వేస్తే ఇందులో చాలాభాగం మిగులుతుంది, షెడ్డులో చెమ్మా తగ్గుతుంది. పైపుల విషయానికొస్తే, బయట గాలి నీటికన్నా 15 డిగ్రీలు చల్లగా ఉన్నప్పుడు తొడుగులేని పదేసి మీటర్ల రెండు పైపుల నుంచి 300 వాట్ల పైనే పోతుంది. 25 మి.మీ. మందం రబ్బరు ఫోమ్ తొడుగు వేస్తే అది పావువంతుకు పడిపోతుంది. తొడుగు నల్లది, ఎండకు చెడిపోతుంది కాబట్టి దానిమీద మరో పైపునో టేపునో కప్పాలి. పైపులోకి వెలుతురు చొరబడి నాచు పట్టకుండానూ ఇదే కాపాడుతుంది.

వేడి కాలంలో కథ తిరగబడుతుంది. రేకు కప్పు కింద షెడ్డు కొలిమిలా కాగుతుంది. చిల్లర్‌ని అందులో మూసిపెడితే నీటినుంచి తీసిన వేడీ, తను వాడుకున్న కరెంటూ రెండూ వేడిగాలిగా షెడ్డులోనే వదులుతుంది. 300 వాట్లు తినే చిల్లర్ నీటినుంచి 700 వాట్లు లాగితే బయటికి కక్కేది 1,000 వాట్లు. గాలి వేడెక్కేకొద్దీ చిల్లర్ సామర్థ్యం తగ్గుతుంది, ఇంకా ఎక్కువసేపు నడుస్తుంది, గాలి ఇంకా వేడెక్కుతుంది. కాబట్టి వేడిగాలి వదిలే వైపుని షెడ్డు గోడలోంచి బయటికి తిప్పాలి. కప్పుకి లోపల 50 మి.మీ. ఫోమ్ షీటు వేస్తే ఎండ, చలి రెండిటికీ పనికొస్తుంది. హీటర్ విషయంలో ఒక 400 వాట్లది బదులు 200 వాట్లవి రెండు పెట్టండి. థర్మోస్టాట్ ఆన్‌లోనే ఇరుక్కుపోవడం హీటర్లలో తరచూ వచ్చే జబ్బు, చిన్నది ఇరుక్కుంటే ట్యాంకుని ఉడికించలేదు.

చెమ్మ, పైనుంచి రాలే చుక్క

గాలి 26 డిగ్రీల్లో, తేమ 80 శాతంలో ఉంటే 22 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ప్రతి గోడ, ప్రతి రేకు చెమరుస్తుంది. మూసిన షెడ్డులో ఇది మామూలే. తేమ 60-65 శాతం దాటగానే తనంతట తాను తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని పైన పెట్టి, గాలి వచ్చే దారి ఎదుటి గోడకి కింద ఇవ్వాలి. ఫోమ్‌కి లోపలివైపు ప్లాస్టిక్ షీటు వేయకపోతే ఆవిరి ఫోమ్ వెనక్కి పోయి అక్కడ నీరవుతుంది.

తుప్పు పట్టడం ఒక్కటే నష్టం అనుకోవద్దు. జింకు పూత రేకుల మీద పేరుకున్న చెమ్మ చుక్కలుగా సంప్‌లో రాలితే జింకు నీటిలో కలుస్తుంది. చెదలు పట్టకుండా రాగి మందు పట్టించిన చెక్కల నుంచి రాగి వస్తుంది. రొయ్యలు, నత్తలు, పగడాలు రాగిని చాలా కొద్ది మోతాదులో కూడా తట్టుకోలేవు. కారణం తెలియకుండా ఒక్కొక్కటీ చనిపోతుంటే నీటి పరీక్షలతో పాటు షెడ్డు కప్పు వైపూ ఒకసారి చూడాలి. సంప్ మీద వాలుగా ఒక ప్లాస్టిక్ పలక కడితే చుక్కలు పక్కకి జారిపోతాయి. నీటికి తగిలేచోట ఇత్తడి వాల్వులు, జింకు క్లాంపులు వాడకూడదు.

గాలి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. స్కిమ్మర్, ఎయిర్ పంపు గంటకు వందల లీటర్ల గాలిని నీటిలో కలుపుతాయి. షెడ్డులో పురుగుమందు, పెయింటు, థిన్నర్, పెట్రోలు డబ్బాలు ఉంటే వాటి ఆవిర్లూ కలుస్తాయి. ఆ డబ్బాలకీ అక్వేరియం సామానుకీ ఒకే పైకప్పు పనికిరాదు. మొక్కలకి మందు కొట్టే రోజు స్కిమ్మర్ గాలి గొట్టాన్ని మూసేయాలి, ఎయిర్ పంపు ఆపాలి. దీనికి మంచి వైపూ ఉంది. తలుపులు మూసిన ఇంట్లో మనుషుల ఊపిరితో కార్బన్ డయాక్సైడ్ పెరిగి నీటి పీహెచ్ తగ్గుతుంది. ధారాళంగా గాలి ఆడే షెడ్డులో ఆ బెడద ఉండదు.

కరెంటు, నేల, గోడ రంధ్రం

షెడ్డుకి ఇంటి బోర్డు నుంచి వేరే లైను, దానికి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంపే స్విచ్), సరైన ఎర్త్ ఉండాలి. ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌దే. అన్నీ ఒకే ఆర్‌సీసీబీ మీద ఉంటే, చిన్న హీటర్‌లో నీళ్లు దిగినా అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. ఒక్కోదానికి వేరే ఆర్‌సీసీబీతో రెండు సర్క్యూట్లు చేసి రిటర్న్ పంపు ఒకదాని మీద, హీటర్లు, చిల్లర్ మరోదాని మీద పెట్టాలి. బోర్డు సంప్‌కి పైన ఉండకూడదు, ఎదుటి గోడకి మూత ఉన్న పెట్టెలో ఉండాలి. ప్రతి వైరూ ప్లగ్గుకి ముందు కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి. ఉప్పునీటి ట్యాంకయితే ఉప్పు వైరు వెంటే పాకుతుంది, నెలకోసారి తుడవాలి.

నేల విషయం తేలిక. 200 లీటర్ల సంప్, 200 లీటర్ల డ్రమ్ము, చిల్లర్ కలిపితే అర టన్ను చిన్న చోటులో నిలుస్తుంది. చెక్క నేల ఒరుగుతుంది. కంకర మీద 10 సెం.మీ. కాంక్రీటు బెడ్, ఒక మూలకి వాటం, అక్కడ నీళ్లు పోయే రంధ్రం ఉంటే చాలు. ఆర్‌ఓ యూనిట్ విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఉష్ణోగ్రత: నీరు ఒక డిగ్రీ చల్లబడితే ఉత్పత్తి సుమారు మూడు శాతం పడిపోతుంది, గడ్డకడితే మెంబ్రేన్ పాడవుతుంది.

గోడలో పైపుకన్నా రెండు సైజులు పెద్దదైన తొడుగుపైపు వేసి బయటికి కాస్త వాలేలా పెట్టాలి. వైర్లకి ఇంకొకటి వేరేగా, మరొకటి ఖాళీగా కూడా ఉంచండి. సందులో ఫోమ్ ఒక్కటే నింపితే ఎలుకలు కొరికేస్తాయి. ముందు స్టీలు పీచు కూరి, ఆపైన సీలెంటు పూయాలి. ఈ స్టీలు పీచు నీటికి తగలకుండా చూసుకోవాలి.

మొదటి నడక

చేపలు, ఉప్పు వేయకముందే మామూలు నీళ్లతో రెండు రోజులు నడపాలి. గేట్ వాల్వు సరిచేసి సైఫన్ నిలకడకు వచ్చాక సంప్ మీద చెరగని ఇంకుతో మొదటి గీత గీయండి. మెయిన్ స్విచ్ ఆపి, నీళ్లన్నీ దిగేవరకు ఇరవై నిమిషాలు ఆగి రెండో గీత గీయండి. దానికి పైన కనీసం 4 సెం.మీ. ఖాళీ కనిపించాలి, లేకపోతే నడిచే మట్టం తగ్గించి మళ్లీ మొదటినుంచి చూడండి. తరువాత సైఫన్ పైపుని కావాలనే మూసి, ఆపద పైపు ఒక్కటే ప్రవాహమంతా మోస్తోందో లేదో పది నిమిషాలు చూడాలి. చివరగా రెండూ మూసి, పంపు గది ఎండిపోయేదాకా ట్యాంకు అంచు దగ్గర నిలబడాలి. ఆ రెండు గీతలూ సంప్ మీద అలాగే ఉంచండి. ఎప్పుడు నీళ్లు పోసినా నడుస్తున్నప్పటి మట్టం మొదటి గీత దాటకూడదు.